గడిలో ఉన్నదియు, గడిలో కనబడునదియు

తెల్లవారుజామున అయిదు గంటలకు పాలకేంద్రపు తలుపు తీసి, క్యానులు దింపించి, లాక్టోమీటరు ముంచి చూచి, వెన్న శాతము పరీక్షించి, ఒక్కొక్క రైతు పోసిన పాలను లీటర్ల లెక్కన కంప్యూటరులో ఎక్కించు కార్యదర్శిగారు ఒకరు. పదిహేను దినముల కొకమారు ఆ లెక్కను తనిఖీ చేసి, బ్యాంకునకు చెల్లింపుల జాబితా పంపు పట్టణపు ఆడిటరుగారు మరియొకరు. ఆ యిరువురి నడుమ నిలిచి సూత్రములు వ్రాయుటయు, తప్పినచోట దిద్దుటయు నా పనిగా పెట్టుకొన్న నేను మూడవవాడను. కార్యదర్శిగారి గదిలో నున్నది విండోస్ యంత్రము, దానిలో ఎక్సెల్. ఆడిటరుగారి బల్లమీదిది మ్యాక్. మా యింట నున్నది లినక్స్, దానిపై లిబ్రెఆఫీస్‌లోని కాల్క్. మా సహకార సంఘపు షీటు పక్షమున కొకసారి ఈ మూడు గడపలును తొక్కి రావలసి యుండెను. మొదటి సంవత్సరమున అది గడప దాటినప్పుడెల్ల ఏదో యొకటి పోగొట్టుకొని వచ్చెడిది: ఒకసారి తేదీలు, ఒకసారి రైతుల పేర్లు, మరియొకసారి ఖాతా సంఖ్యల ముందరి సున్నలు.

ఆ యేడాది పడిన శ్రమనుండి నాకు తేలిన సంగతి ఒక్కటే. గడిలో కనబడునది వేరు, గడిలో ఉన్నది వేరు. మన కన్ను చూచునది యంత్రము తన అలవాటు ననుసరించి, తన దేశపు ఆచారము ననుసరించి, తనకు దొరకిన అక్షరముల ననుసరించి అలంకరించి చూపు వేషము. ఆ వేషము వెనుక నొక సంఖ్యయో, అక్షరముల వరుసయో, సూత్రమో నిలిచి యుండును. వేషమును నమ్మి వ్రాసిన షీటు పుట్టిన యంత్రముపై ఎంత చక్కగా నడచినను, పొరుగు యంత్రమున కాలు పెట్టగానే తడబడును. లోపల నున్నదేమో ఎరిగి వ్రాసిన షీటు ఎచ్చట తెరచినను ఒకే మాట చెప్పును. ఈ అధ్యాయమున చెప్పబోవు మెలకువలన్నియు ఈ యొక్క భేదమునుండి పుట్టినవే గనుక, తక్కినవి మరచినను దీనిని మరువవలదని చదువరిని వేడుకొనుచున్నాను.

ఈ సాధనమునకు పుట్టినిల్లు ఒకటి కాదు. హార్వర్డ్ వ్యాపార విద్యాలయమున చదువుచుండిన డాన్ బ్రిక్లిన్, ఒక అంకె మారగానే దానిపై ఆధారపడిన అంకెలన్నిటిని చెరిపి తిరిగి వ్రాయవలసి వచ్చు లెక్కలను చూచి, ఆ తిరుగలి పనిని యంత్రమున కప్పగింపరాదా యని తలపోసెను. ఆ తలపును బాబ్ ఫ్రాంక్‌స్టన్ ప్రోగ్రాముగా వ్రాసెను. 1979లో ఆపిల్ 2 యంత్రముపై అది విసికాల్క్ అను పేర వెలువడెను. 63 నిలువు వరుసలు, 254 అడ్డు వరుసలు, అదియే దాని విస్తీర్ణము. 1983లో ఐబీఎం పీసీపై లోటస్ 1-2-3 వచ్చి ఆ స్థానము నాక్రమించెను. నేడు విండోస్‌తో విడదీయరాని చుట్టరికమున్నట్లు కనబడు ఎక్సెల్ మొదట 1985లో మ్యాకింటాష్‌పై పుట్టి, రెండేండ్లకు గాని విండోస్ ముఖము చూడలేదు. జర్మనీలో పుట్టిన స్టార్ ఆఫీసును సన్ మైక్రోసిస్టమ్స్ 1999లో కొని, మరుసటి యేడు దాని మూల ప్రోగ్రామును లోకమునకు విడువగా ఓపెన్ ఆఫీస్ ఏర్పడెను. 2010లో దానినుండి వేరుపడినది లిబ్రెఆఫీస్. ఇన్ని యిండ్ల ఆచారములు నేటి మన షీటులో పేరుకొని యున్నవి. ఆ ఆచారములలో కొన్ని పొరపాట్లే యైనను, పాత ఫైళ్ళు చెడకుండుటకై తెలిసి తెలిసి నిలుపబడినవి.

పనిలోనికి దిగుటకు ముందు షీటును విభజింపవలెను. మా తాతగారు గ్రామకరణముగా నుండిరి. 1984లో ఆ ఉద్యోగము రద్దగునంతవరకు మా యింట చిట్టా, ఆవర్జా అను రెండు పుస్తకము లుండెడివి. జరిగినది జరిగినట్లు జరిగిన దినముననే వ్రాయునది చిట్టా. దానినుండి పేరు పేరున పద్దులు విడదీసి దింపుకొనునది ఆవర్జా. చిట్టాలో కూడికలు చేయరాదు, ఆవర్జాలో క్రొత్త సంగతి వ్రాయరాదు అని ఆయన నియమము. కంప్యూటరును కన్నెత్తి చూడని ఆ వృద్ధుని నియమము కంటె మేలైన షీటు శాస్త్రమును నేను ఇంతవరకు చదువలేదు. మా పాల లెక్కలో మొదటి షీటు చిట్టా: తేదీ, పూట, సభ్యుని సంఖ్య, లీటర్లు, వెన్న శాతము, వెన్న పోగా మిగిలిన ఘనపదార్థముల శాతము, ఇంతకు మించి అందులో ఒక్క సూత్రమైనను లేదు. రెండవది ధరల పట్టిక. మూడవది ఆవర్జా, అందులో చేతితో టైపు చేసిన అంకె ఒక్కటియు లేదు, అన్నియు సూత్రములే. నాలుగవది రైతుకిచ్చు చీటీ. రంగులు, గీతలు, పెద్దక్షరములు, సంఘము పేరు మొదలైన అలంకారమంతయు దానికే పరిమితము. కడపటిది, చేసిన ప్రతి మార్పును వ్రాసి ఉంచు మార్పుల పుస్తకము. రెండు గడులను కలిపి ఒకటిగా చేయుట, నడుమ ఖాళీ వరుసలు విడుచుట, రంగును బట్టి అర్థము చెప్పుట చిట్టాయందు నిషిద్ధములు. ఏలన రంగు యంత్రమునకు భాష కాదు, సూత్రము దానిని చదువలేదు.

ఇక తేదీల మాట. గడిలో 15-08-2024 అని మనకు కనబడుచున్నను లోపల నున్నది 45519 అను సంఖ్య మాత్రమే. 1900 జనవరి 1వ తేదీని ఒకటిగా నెంచి అక్కడినుండి లెక్కించిన దినముల మొత్తమది. ఈ లెక్కలో ఒక వింత కలదు. వంద చేత భాగింపబడి నాలుగు వందలచేత భాగింపబడని సంవత్సరము అధిక సంవత్సరము కాదు గనుక 1900లో ఫిబ్రవరి 29 లేదు. అయినను లోటస్ దానిని ఉన్నట్లు లెక్కించెను. ఆ ఫైళ్ళు సరిగా చదువవలసిన ఎక్సెల్ ఆ లేని దినమును అట్లే నిలుపుకొనెను. కాల్క్ మరియొక త్రోవ పట్టి, తన సున్నను 1899 డిసెంబరు 30న నిలిపి, 1900 మార్చి 1 నుండి ఎక్సెల్ సంఖ్యలతో ఏకీభవించునట్లు సర్దుకొన్నది. పాత మ్యాకింటాష్ ఎక్సెల్ ఈ చిక్కునే తప్పించుకొని 1904 జనవరి 1 నుండి లెక్క మొదలుపెట్టెను. ఈ రెండు పద్ధతుల నడుమ భేదము 1462 దినములు, అనగా నాలుగేండ్ల పైని ఒక దినము.

మా మొదటి యేటి తేదీల గండము ఇదియే. ఆడిటరుగారు తమ పాత మ్యాక్‌నాటి ఫైలొకదానిలో లెక్క సరిచూచి, ఆ గడులను ఎత్తి మా షీటులో అతికించి పంపిరి. 2024 ఆగస్టు 15న పోసిన పాలు 2020 ఆగస్టు 14న పోసినట్లు తేలినవి. ఫైలును ఫైలుగా తెరచినంతవరకు ఏ పద్ధతిలో లెక్కించినదో దానిలోనే వ్రాసి యుండును గనుక బాధ లేదు. గడులు ఒక ఫైలునుండి వేరొక ఫైలునకు వలస పోయినప్పుడే ముప్పు. దీనికంటె తరచుగా వచ్చు తెగులు మరియొకటి కలదు. అమెరికా ఆచారమున సర్దిన యంత్రముపై 05-06-2024 అని టైపు చేసినచో అది జూన్ అయిదు కాక మే ఆరుగా నిలుచును. 15-06-2024 అన్నచో పదునైదవ నెల లేదు గనుక అది తేదీయే కాక ఉత్తి అక్షరములుగా నిలిచిపోవును. ఒకే నిలువు వరుసలో సగము తప్పు తేదీలు, సగము తేదీలే కానివి! మీరు వేరుగా సర్దనంతవరకు సంఖ్యలు గడి కుడివైపునకు, అక్షరములు ఎడమవైపునకు ఒదిగి యుండును. వరుస నొకసారి పైనుండి క్రిందికి చూచినచో ఎడమకు ఒరిగిన తేదీలు దొంగలవలె పట్టుబడును. సంవత్సరము, నెల, దినము అను క్రమమున 2024-08-15 అని వ్రాయుట నాకు తెలిసినంతలో అన్ని యంత్రములకు సమ్మతమైన మార్గము.

ఖాతా సంఖ్యలు పేరునకే సంఖ్యలు. వాటిని ఎవరును కూడరు, హెచ్చవేయరు. అవి అంకెలతో వ్రాసిన పేర్లు. గడి మాత్రము అంకెలు కనబడగానే సంఖ్య యని తలచి, ముందరి సున్నలు వ్యర్థములని తీసివేయును. పదునైదంకెలకు మించినచో మిగిలిన అంకెల స్థానమున సున్నలు నింపును. 16 అంకెల కార్డు సంఖ్యను మామూలు గడిలో టైపు చేసి చూచినచో చివరి అంకె సున్నగా మారుట ఎవరికి వారే పరీక్షించుకొనవచ్చును. ఒక్కసారి పోయిన అంకె తిరిగి రాదు. తరువాత గడిని అక్షరముల గడిగా మార్చినను ప్రయోజనము శూన్యము. కావున టైపు చేయుటకు ముందే ఆ నిలువు వరుస నంతటిని అక్షరముల వరుసగా ప్రకటింపవలెను. ఈ తెగులు పల్లెటూరి పాల లెక్కలకే పరిమితము కాదు. జన్యువుల పేర్లలో కొన్ని సెప్టెంబరు, మార్చి నెలల సంక్షిప్త రూపములను పోలి యుండుటచే షీటులు వాటిని తేదీలుగా మార్చివేయుచుండెను. అట్టి పొరపాట్లు ప్రచురితమైన శాస్త్రవ్యాసములలో విస్తారముగా చేరినవని 2016లో పరిశోధకులు చూపిరి. కడకు 2020లో జన్యునామ సంఘమువారు ఆ జన్యువుల పేర్లనే మార్చిరి. షీటు స్వభావము మారదని తెలిసి శాస్త్రమే తన పేర్లు మార్చుకొనిన ఈ ఉదంతము నన్ను చాల కాలము కలవరపరచెను.

తెలుగు పేర్ల సంగతి మరింత సూక్ష్మమైనది. యూనికోడ్ పద్ధతిలో తెలుగు వర్ణమునకు తెలుగు వర్ణముగనే ఒక స్థిరసంఖ్య కలదు. అంతకు ముందు ముద్రణాలయములకై రూపొందిన ఖతులలో అట్లు కాదు. అందు లోపల ఇంగ్లీషు అక్షరముల సంకేతములుండి, ఖతి వాటికి తెలుగు బొమ్మ తొడిగెడిది. ఆ ఖతి లేని యంత్రముపై తెరచినంతనే తొడుగు ఊడిపోయి, అర్థములేని రోమను లిపి మిగులును. మా పాత సభ్యుల జాబితా అట్టిదే యగుటచే, 200కు పైబడిన పేర్లను తిరిగి టైపు చేసికొనవలసి వచ్చినది. యూనికోడ్‌లో వ్రాసినంత మాత్రమున సర్వమును సుఖమని తలపరాదు. ఐత్వము నొకే గుర్తుగా వ్రాయవచ్చును, రెండు గుర్తులుగా విడదీసియు వ్రాయవచ్చును. రెండును తెరపై ఒకే రూపమున కనబడును. పొల్లక్షరమును తరువాతి హల్లుతో కలియనీయక నిలుపుటకు వాడు కనబడని గుర్తొకటి కలదు. ఒకరు దానిని వాడుదురు, ఒకరు వాడరు. కంటికి ఒకటిగా నున్న రెండు పేర్లను యంత్రము పోల్చిచూచి, ఈ మనిషి జాబితాలో లేడని నిశ్చయించుటకు ఇంతకంటె కారణమక్కరలేదు. కావున పేరుతో ఎన్నడును వెదుకవలదు. ప్రతి సభ్యునకును ఒక సంఖ్య నిచ్చి, వెదకులాట యంతయు ఆ సంఖ్యతో నడిపి, పేరును చీటీమీద చదువుకొనుటకు మాత్రమే ఉంచవలెను.

ఒక యంత్రమునుండి మరియొక దానికి సమాచారము పంపుటకు సీఎస్‌వీ అను సాదా పాఠపు ఫైలు సర్వసామాన్యమైన వాహనము. దానిలో గడికి గడికి నడుమ కామా, వరుసకు వరుసకు నడుమ పంక్తివిరామము తప్ప వేరేమియు లేదు. ఏ గడి తేదీయో, ఏది ఖాతా సంఖ్యయో, ఏ లిపిసంకేతమున వ్రాసినదో అది చెప్పదు. చెప్పని దానిని తెరచువాడు ఊహించును. అందుచేత దానిని రెండు నొక్కులతో తెరచుట మాని, ఎక్సెల్‌లోనైనచో డేటా విభాగమునుండి దిగుమతి చేసికొనవలెను. కాల్క్ తెరచునప్పుడే ప్రశ్నలడుగును గనుక ఓపికతో సమాధానము చెప్పవలెను. లిపి యూటీఎఫ్-8 అనియు, ఖాతా వరుస అక్షరములనియు, తేదీ వరుస ఫలానా క్రమములోనిదనియు ఒక్కొక్కటిగా నిర్దేశించుటకు అరనిమిషము పట్టును. లక్షలు, కోట్లు విడదీయు కామాలు ఈ ఫైలులో ఉండరాదు. అవి మన దేశపు సర్దుబాటున్న యంత్రము తొడిగిన వేషమే గాని గడిలోనివి కావు. జర్మనీలో స్థిరపడిన మా బంధువొకరి యంత్రముపై దశాంశ బిందువే కామా, గడులను వేరుచేయునది అర్ధవిరామము. ఆయనకు పంపిన మా ఫైలు మొత్తము ఒకే నిలువు వరుసలో కూరుకొని తెరచుకొన్నది.

ఇంతవరకు చెప్పిన తెగుళ్ళు కంటికి దొరకునవి. దశాంశములు అట్లు కావు. పదింట ఒక వంతును మనము 0.1 అని సుఖముగా వ్రాయుదుము. యంత్రము రెండంకెల లిపిలో దానిని పూర్తిగా వ్రాయలేదు, మనము మూడింట ఒక వంతును 0.333 అని ఎంత దూరము వ్రాసినను ముగింపలేనట్లే. ధరల పట్టికలో మొదటి గడిలో 5.1 వేసి, తరువాతి గడులన్నియు పైగడికి 0.1 కలిపిన సూత్రములుగా నింపితిని. రెండవ గడి 5.2 అని చూపుచున్నను లోపల నిలిచినది 5.2 కంటె అణుమాత్రము తక్కువ. కార్యదర్శిగారు టైపు చేసిన 5.2తో అది పోలదు. పట్టికలో ధర వెదకు సూత్రమును కచ్చితమైన జోడిని కోరినచో దొరకలేదని చెప్పును. దగ్గరి జోడి చాలునన్నచో ఒకానొక వరుసలో పక్కగడి ధర తెచ్చి పెట్టును, అట్లు తెచ్చినట్లు మనకు చెప్పదు. అట్లు వెదకు వీలుకప్ అను ప్రమేయమునకు నాలుగవ మాట చెప్పక విడిచినచో దగ్గరి జోడియే చాలునని అది తలచుననుట ఇచ్చట గుర్తుంచుకొనదగినది. నేను చేసిన మార్పు అల్పము: వెన్న శాతమును పదిరెట్లు చేసి 51, 52, 53 అని పూర్ణసంఖ్యలుగా పట్టికలో నిలిపి, టైపైన శాతమును పదిచే హెచ్చవేసి, రౌండ్ ప్రమేయముతో పూర్ణసంఖ్యగా సవరించిన పిమ్మటనే వెదకునట్లు వ్రాసితిని. పూర్ణసంఖ్యలయెడ యంత్రమునకు ఈ అస్పష్టత లేదు.

పైసల గొడవయు దీనికి సోదరియే. ఒక రైతు పూటకు 7.35 లీటర్లు పోయుననుకొందము. లీటరు ధర 46 రూపాయల 25 పైసలు. పూట సొమ్ము 339.9375 రూపాయలు, చీటీపై 339.94 అని కనబడును. పదునైదు దినములకు ముప్పది పూటలు. ఆవర్జా లోపలి సంఖ్యలను కూడి, 10,198 రూపాయల 13 పైసలని చెప్పును. రైతు తన చేతిలోని ముప్పది చీటీలను కూడుకొని 10,198 రూపాయల 20 పైసలు రావలెననును. తేడా ఏడు పైసలు. కాని లెక్క తప్పినదెవరు? చీటీ మీద అచ్చయిన ప్రతి అంకెయు సంఘము రైతుకిచ్చిన మాట గనుక, ఆయన కూడికయే న్యాయమని నా అభిప్రాయము. గడిరూపమును రెండు దశాంశములకు కుదించుట వేషము మార్చుటయే. రౌండ్ ప్రమేయముతో ప్రతి పూట సొమ్మును పైసకు సవరించి, ఆ సవరించిన దానినే కూడినప్పుడు గాని కనబడునదియు ఉన్నదియు ఏకము కావు. ఈ సవరింపును పూటకు చేయుటయా, పక్షమునకు చేయుటయా అనునది సూత్రము వ్రాయువాడు తన యిష్టానుసారము తేల్చరాదు. మా సంఘము దానిపై తీర్మానము చేసినది.

సూత్రము ఎంతవరకు చేయి చాచునో సరిచూచుకొనుట మరియొక పని. కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ అను ప్రసిద్ధ ఆర్థికవేత్తలు ప్రభుత్వ ఋణమునకును ఆర్థిక వృద్ధికిని గల సంబంధముపై 2010లో ఒక వ్యాసము ప్రకటించిరి. దాని షీటులో సగటు కట్టు సూత్రము 30వ వరుసనుండి 49వ వరుసవరకు పోవలసినది 44వ వరుసతో ఆగి, అయిదు దేశములు లెక్కకు రాకుండ పోయెను. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు ఆమ్‌హర్స్ట్ శాఖలో విద్యార్థియైన థామస్ హెర్న్‌డన్ ఆ ఫలితములను తిరిగి రాబట్టజాలక, గ్రంథకర్తలను అడిగి షీటు తెప్పించుకొని, ఈ లోపమును కనుగొని, తన అధ్యాపకులతో కలసి 2013లో వెల్లడించెను. ఆ విమర్శలో ఇతర వివాదాంశములును కలవు. మన కిచ్చట కావలసినది, మూడేండ్లు దాగిన పొరపాటు మరియొక మనుష్యుని బల్లమీదికి షీటు చేరిన పిమ్మటనే బయలుపడెనను సంగతి. మా ఆవర్జాలో ఒక గడి కేవలము సాక్షిగా నున్నది: సభ్యులవారీగా కూడిన లీటర్లనుండి దినములవారీగా కూడిన లీటర్లను తీసివేయును. అది సున్న చూపవలెను. షీటు ఏ యంత్రమున తెరచినను మొట్టమొదట చూడవలసినది ఆ గడినే.

ఫైలు రూపమునకును ఎల్లలు కలవు. ఎక్సెల్ పాత ఫైలులో 65,536 అడ్డు వరుసలే పట్టును; 2007 నుండి వచ్చిన క్రొత్త రూపమున 10,48,576 పట్టును. 2020 శరత్కాలమున ఇంగ్లండులో కోవిడ్ పరీక్షల ఫలితములను చేర్చు పద్ధతిలో ఎచ్చటనో పాత రూపపు ఫైలు నిలిచిపోవుటచే, నిండిన షీటు దాటి వచ్చిన వరుసలు జారిపోయి, 15,841 మంది రోగుల వివరములు దినదిన ప్రకటనలకు ఆలస్యముగా చేరినవి. వారిని కలిసినవారిని హెచ్చరించు పనియు అంతమేర వెనుకబడెను. పాత ఫైలును క్రొత్త రూపమునకు మార్చి దాచుకొనుటకు ఒక నిమిషము చాలును. క్రొత్త ఎక్సెల్ రూపమైనను, 2006లో అంతర్జాతీయ ప్రమాణమైన ఓపెన్ డాక్యుమెంట్ రూపమైనను నిజమునకు జిప్ చేసిన సంచియే. ఒక నకలు తీసి, పేరు చివర జిప్ అని మార్చి విప్పి చూచినచో, లోపల సూత్రములును అంకెలును చదువదగిన పాఠముగా కనబడును. ప్రతి అభ్యాసియు ఒకసారి ఈ పని చేయవలెనని నా కోరిక. గడిలో ఉన్నదానిని కన్నులార చూచుటకు ఇంతకంటె సూటి మార్గము లేదు.

ఇట్లు షీటు శుభ్రపడిన పిమ్మట గాని విస్తరణమునకు పూనుకొనరాదు. విస్తరణమన్నంతనే జనులు మాక్రోలను, అనగా షీటులోని పనులను తమంత తామే నడుపు చిన్న ప్రోగ్రాములను, తలంతురు. నా దృష్టిలో దాని మొదటి మెట్టు గడికి పేరు పెట్టుట. ధరల షీటులో ఎచ్చటనో ఉన్న గడిని దాని చిరునామాతో కాక ‘రవాణా తగ్గింపు’ అను నామముతో పిలిచినప్పుడు సూత్రము తెలుగు వాక్యమువలె చదువబడును; పేర్లలో ఖాళీ పనికిరాదు గనుక క్రింది గీతతో (అండర్‌స్కోర్) కలుపవలెను, అంతే. రెండవ మెట్టు, మూడు యంత్రములకును తెలిసిన ప్రమేయములనే ఏరుకొనుట. పట్టికలో వెదకుటకు ఎక్స్‌లుకప్ మంచి ప్రమేయమే. కాని అది కాల్క్‌కు 2024 ఆగస్టునాటి 24.8 సంచికతో గాని రాలేదు. ఇండెక్స్, మ్యాచ్ అను పాత జంట ఎద్దులు ఆ పనినే అన్నిచోట్లను లాగును. ఎక్సెల్‌లో లాంబ్డా అను ప్రమేయముతో మన సొంత ప్రమేయమును సూత్రములతోనే నిర్మించుకొనవచ్చును. అందరి యంత్రములును క్రొత్తవైన చోట అది గొప్ప సౌకర్యము, మావంటి మిశ్రమ సంసారమున మాత్రము తొందరపాటు.

మాక్రోల యెడ నా అనుభవము చేదైనది గనుక కొంత విస్తరించి చెప్పుదును. 1993లో ఎక్సెల్‌కు వచ్చిన వీబీఏ భాషలో నేను చీటీలన్నియు ఒక్క నొక్కుతో అచ్చువేయు మాక్రో వ్రాసితిని. పనిలో పనిగా బోనసు లెక్కను గూడ దానిలోనే చేర్చితిని. కార్యదర్శిగారి గదిలో అది రెండు మాసములు నిరాటంకముగా నడచెను. ఆడిటరుగారి మ్యాక్‌పై ఆగిపోయెను: ఫోల్డరుల నడుమ నేను వ్రాసిన వెనుకకు వాలిన గీత విండోస్ ఆచారము, మ్యాక్‌లోను లినక్స్‌లోను ముందుకు వాలిన గీత, అంతేకాక జాబితా భద్రపరచుటకు నేను వాడిన నిఘంటు వస్తువు విండోస్‌లోని ఉపకరణమే గాని ఎక్సెల్‌లోనిది కాదు. నా కాల్క్ ఆ భాషను కొంతవరకు అర్థము చేసికొనెను గాని, కొంతవరకే. బ్రౌజరులో నడచు ఎక్సెల్ వీబీఏ మాక్రోలను నడుపనే నడుపదు. గూగుల్ షీట్స్‌లోని యాప్స్ స్క్రిప్ట్ జావాస్క్రిప్ట్ వంశమునకు చెందిన వేరొక భాష. ఆ పక్షమున మాక్రో నడచినచోట బోనసు కలిసిన మొత్తము, నడవనిచోట కలియని మొత్తము అని రెండు లెక్కలు తేలినవి. తప్పు నాది. నాటినుండి మాక్రోకు నేను చేతిపనులు మాత్రమే అప్పగించుచున్నాను: అచ్చువేయుట, నకలు దాచుట, వరుసలను అమర్చుట. సొమ్మును నిర్ణయించు ప్రతి అంకెయు గడిలోని సూత్రముగా, ఎవరైనను వ్రేలు పెట్టి చూపగలిగినట్లుండవలెను. మాక్రో మూగవోయినను లెక్క నిలుచును, చీటీలు చేతితో అచ్చువేసికొందుము. అట్లు మూగవోవు సందర్భములు అరుదు కావు. 1999నాటి మెలిస్సా వంటి, మాక్రోలను వాహనముగా చేసికొనిన వైరసులు పెక్కు వచ్చుటచే, ఇంటర్నెట్‌నుండి వచ్చిన ఫైళ్ళలోని మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుండి తనంత తానే ఆపివేయుచున్నది.

మూడు యంత్రములకును సమానమైన భాష కావలసినచో పైథాన్ నాకు నమ్మకమైన తోడు. అది షీటు లోపల కాక బయట నిలిచి, ఫైలును చదివి, క్రొత్త ఫైలును వ్రాయును. బ్యాంకు కోరిన రూపమున చెల్లింపుల జాబితా తయారుచేయుటకు మేము దానినే వాడుదుము. రెండు జాగ్రత్తలు చాలును. ఫైలు త్రోవలను గీతలతో అతికింపక పాత్‌లిబ్ అను ఉపకరణముతో కూర్చినచో గీత ఎటు వాలవలెనో అదే చూచుకొనును. లినక్స్ ఫైలుపేర్లలో పెద్ద, చిన్న ఇంగ్లీషు అక్షరములకు భేదము పాటించును గనుక పేర్లన్నియు చిన్నక్షరములతో పెట్టవలెను. రెండవది మరింత ముఖ్యము: ఓపెన్‌పైఎక్సెల్ వంటి గ్రంథాలయము సూత్రమును చదువునే గాని కట్టదు. అది తెచ్చి ఇచ్చు విలువ, షీటును కడపట భద్రపరచిన ప్రోగ్రాము ఫైలులో దాచిపోయిన పాత విలువ. లీటర్లు మార్చి వ్రాసి, షీటును ఎక్సెల్‌లోనో కాల్క్‌లోనో తెరచి భద్రపరపక, వెంటనే మొత్తము చదువబోయినచో విలువయే లేదనును. నేనీ సంగతి తెలియక ఒక సాయంకాలమంతయు పోగొట్టుకొంటిని.

కార్యదర్శిగారు పదవీ విరమణ చేసిరి. వారి స్థానమున వచ్చిన అమ్మాయి మొదటి దినముననే షీటును తన ఫోనులో, గూగుల్ షీట్స్‌లో తెరచెను. అది మేము తలపని నాలుగవ గడప. మాక్రో బొత్తము పనిచేయలేదు. చీటీపై అక్షరములు వేరు ఖతిలో కొంచెము ఇరుకుగా కనబడినవి. సాక్షి గడి సున్న చూపెను. ఆమె చిట్టాను క్రిందివరకు జరిపి చూచి, “ఈ తేదీ ఒక్కటి ఎడమవైపున ఉన్నదేమండీ?” యని నన్నడిగెను. ఏడాది క్రిందట అతికించిన వరుస, అక్షరములుగా నిలిచిపోయినది. దినములవారీ కూడికలో ఆ పూట ‘తేదీ లేనివి’ అను పద్దులో పడియుండుటచే మొత్తము సరిపోయి, సాక్షి గడియు మౌనము వహించెను. ఆమె ఆ గడిని సరిదిద్ది, చివరి షీటులోని మార్పుల పుస్తకమున ఒక వరుస చేర్చెను: సంవత్సరము, నెల, దినము అను క్రమమున తేదీ, ఆ పక్కన ఏ గడి మార్చినదియు, పూర్వమందు ఏమున్నదియు, తన పేరును.